నాపరాళ్ళ వంతెన మీద నీళ్ళు

మా వాళ్ళ చేతికి ఇనుము ఇచ్చినా దాని మీద నాపరాయే పరుస్తారు. ఇంటి కప్పు నాపరాయి, చేని చుట్టూ కంచె నాపరాయి, వంటింట్లో గూళ్ళు నాపరాయి, గొడ్లు నీళ్ళు తాగే తొట్టి కూడా నాపరాయే. అందుకే రైలువాళ్ళు వంక మీద కొత్త వంతెన కట్టుకుని, పాత వంతెన మీది పట్టాలూ వాటి కింది కొయ్య దిమ్మెలూ ఊడదీసుకుని పోయినప్పుడు, మిగిలిన ఇనుప దూలాల మీద ఏం పరచాలన్నది మా ఊరి పెద్దలు పెద్దగా ఆలోచించలేదు. చెక్కలు వేస్తే చెదలు తింటాయి, చెదలు వదిలితే పొయ్యిలోకి పోతాయి అన్నారు. గని దగ్గర అమ్ముడుపోక పారేసిన బండలు తెచ్చి ఈ దూలం మీదినుంచి ఆ దూలం మీదికి వరసగా పరిచారు. సందుల్లో సున్నం మెత్తారు. పక్కన పట్టుకోవడానికి రైలువాళ్ళు వదిలిపోయిన ఇనుప కమ్మీలు ఉండనే ఉన్నాయి.

మనుషులు నడవవచ్చు, సైకిళ్ళు పోవచ్చు, బండ్లూ గొడ్లూ మాత్రం ఎక్కకూడదని రైలు ఆఫీసరు మాట తీసుకుని ఒప్పుకున్నాడట. అది లోతైన రాతి వంక. ఎండాకాలం అడుగున చుక్క నీరు ఉండదు గానీ రెండు గట్లూ గోడల్లా నిలువుగా ఉంటాయి, దిగి ఎక్కడం మేకలకే చేతనవుతుంది. బండి కట్టుకుని పోవాలంటే ఎగువకు పోయి పెద్ద చుట్టు తిరిగి రావాలి. కాబట్టి అవతలి గట్టున ఉన్న రైలు స్టేషనుకు పోవాలన్నా, సంతకు పోవాలన్నా ఆ వంతెనే మాకు దారి. పక్కనే కొత్త వంతెన మీద రైలు పోతుంటే పాత వంతెన మీద మేము కమ్మీ పట్టుకుని నిలబడిపోయేవాళ్ళం. కాళ్ళ కింద బండలు పళ్ళు కొరికినట్టు కదిలేవి.

నాకు నాపరాయి అంటే మంట. నేను గనివాళ్ళ బిడ్డను. మా నాయన బండలు చీల్చీ చీల్చీ ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకుని, నడివయసు రాకముందే దగ్గుతూ దగ్గుతూ పోయాడు. చివరి రోజుల్లో ఆయన పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అందుకని నాకు ఆకుతోట వాళ్ళ సంబంధం వస్తే మా అమ్మ ఇల్లు చూడలేదు, పిల్లవాణ్ణి కూడా సరిగ్గా చూడలేదు. తమలపాకు తోట చుట్టూ కట్టిన దడి వెంబడే ఒక చుట్టు తిరిగి, లోపలినుంచి వచ్చే చల్లగాలికి ముఖం పెట్టి, "నా బిడ్డ నీడన బతుకుతాది" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఆ నీడలోకి నేను అడుగు పెట్టకూడదన్న సంగతి పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. మా అత్తవారింట అది కట్టడి. మగవాళ్ళు స్నానం చేసి, చెప్పులు దడి బయట విడిచి లోపలికి పోవాలి. ఆడవాళ్ళు అసలు పోకూడదు. పోతే తీగ మాడిపోతుంది. ఎందుకు మాడిపోతుంది అని అడగడం నా పాపం.

"ఆకంటే లచ్చిమి. లచ్చిమికి ఇంగో ఆడది ఎదురొస్తే ఆమె ఆడ నిలవదు" అంది మా అత్త.

"అయితే లచ్చిమి మొగోళ్ళతోనే కాపురం చేస్తాదా అత్తా?" అన్నాను.

మా అత్త చేతిలో ఉన్న గరిటె విసిరింది. తగలలేదు. నా నోటి దురుసు ఆ ఇంట్లో అందరికీ ఆ రోజే తెలిసింది. మా ఆయన మాత్రం గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు, నేను చూశాను.

మా మామ మాటకారి కాదు. తెల్లవారి లోపలికి పోతే పొద్దు వాలేదాకా తోటలోనే. అవిసె చెట్లకు తీగలు ఎక్కించి జమ్ముతో కట్టడం, కాలువలు సరిచేయడం, ఆకు గిల్లడం, అంతా ఆయనే. ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు, కన్నకొడుకును కూడా. మా ఆయన పని ఎడ్లతో కపిల తోలి బావి నీళ్ళు పెట్టడం, ఆకు కట్టలు సైకిలు మీద స్టేషనుకు చేర్చడం. కోత కోసిన రోజు మామ ఇంటికి వచ్చి తొలి ఆకులు మా అత్త చేతిలోనూ నా చేతిలోనూ పెట్టేవాడు. నేను చూడని తోటను ఆ ఆకుల్లోనే చూసుకునేదాన్ని. అరచేయంత ఆకు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు.

ఆ తరువాత కరువు వచ్చింది. మా సీమలో కరువు వచ్చింది అంటే ఎవరూ ఉలిక్కిపడరు, చుట్టం వచ్చినట్టు చూస్తారు. కానీ ఆ చుట్టం రెండో ఏడు కూడా కదలలేదు. ఆంధ్ర రాష్ట్రం వస్తుందట, రాజధాని కర్నూలట, కాదట అని స్టేషను దగ్గర మగవాళ్ళు వాదించుకుంటున్న రోజులు. రాజధాని ఎక్కడికి వస్తే నాకేం, మా బావిలోకి నీళ్ళు రాలేదు. కపిల తోలుతిత్తి అడుగుకు పోయి బురద గీకి పైకి వచ్చేది. కొన్నాళ్ళకు ఆ బురదా రాలేదు. ఎడ్లకు మేత లేక, ఊరి గొడ్లతో కలిపి నల్లమల వైపు తోలి పంపారు. తోలుకుపోయినవాళ్ళు వచ్చారు గానీ మా ఎడ్లు రాలేదు.

మా ఊళ్ళో ఆకుతోటలు ఒక్కొక్కటే పోయాయి. ఒకరు తోట వదిలి రోడ్డు పనికి పోయారు, ఇంకొకరు బద్వేలు వైపు చుట్టాల దగ్గరికి పోయారు. పోయేటప్పుడు దడి పీకి పొయ్యిలోకి వాడుకున్నారు. చివరికి మా తోట ఒక్కటే మిగిలింది. మా తోట పోతే మాకు గని తప్ప దిక్కు లేదు. గనికి పోతే మా ఆయన కూడా మా నాయనలాగే గోడకు ఆనుకుని దగ్గుతూ పోతాడు. నాకు ఆ రోజుల్లో తెలిసింది అంతే. దేవుడికి నేను మొక్కిన మొక్కు కూడా అదొక్కటే. వాన పడేదాకా ఆ తోట పచ్చగా ఉండాలి, నా మొగుడు గని మొహం చూడకూడదు.

నీళ్ళు ఎక్కడున్నాయంటే, స్టేషనులో ఉన్నాయి. అక్కడి బావిలో రాతి ఊట ఉంది, అది ఏ కరువులోనూ ఎండలేదు. రైలింజన్లకు నీళ్ళు పట్టడానికి పట్టాల పక్కన ఏనుగు తొండం లాంటి పెద్ద గొట్టం ఉండేది. ఇంజను వచ్చి నిలబడి కడుపు నిండా తాగేది. నిండాక గొట్టం పక్కకు తిప్పేలోపల పొర్లి కిందపడే నీళ్ళు మావి. ఇంజను పోయాక గొట్టం చివరినుంచి చాలాసేపు కారే నీళ్ళు కూడా మావే. స్టేషనువాళ్ళు చూసీ చూడనట్టు ఉండేవాళ్ళు. ఆ నీళ్ళకు బొగ్గు వాసన. ఆ వాసనతోనే వండుకున్నాం, ఆ వాసనతోనే తాగాం.

మా ఆయన సైకిలుకు అటూ ఇటూ కడవలు కట్టుకుని, ఎక్కి తొక్కకుండా పక్కన నడుస్తూ తోసుకుని వచ్చేవాడు. నేనూ అత్తా నెత్తిన కడవ, చంకన కడవ. తోట నీళ్ళు మోసేటప్పుడు కాళ్ళకు ఏమీ తొడగకూడదు, అది ఇంకో కట్టడి. పొద్దెక్కితే ఆ నల్లబండలు పెనంలా కాలేవి. చెక్కలు వేసి ఉంటే ఇంత కాలేవి కాదు కదా అని నేను పెద్దలను తిట్టని రోజు లేదు. పరుగెత్తితే నీళ్ళు తొణుకుతాయి, నిదానంగా నడిస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. అత్త పెదాలు కదులుతూ ఉండేవి. దేవుడి పేరు అనుకుంటోంది అనుకునేదాన్ని. ఒకసారి దగ్గరగా నడిస్తే తెలిసింది, ఆమె కూడా తిడుతోంది.

తెచ్చిన నీళ్ళు దడి తలుపు దగ్గర దించేవాళ్ళం. మామ తలుపు కొంచెం తెరిచి, చేతులు మాత్రం బయటికి చాచి కడవ అందుకుని లోపలికి తీసుకుపోయేవాడు. కొడుకును కూడా లోపలికి రానివ్వక, ఇంకో విడత నీళ్ళకు పంపేసేవాడు. ఖాళీ కడవ మళ్ళీ ఆ సందులోనుంచే బయటికి వచ్చేది. తలుపు సందులోనుంచి ఒక్క వరస తీగలు కనిపించేవి, పచ్చగా. ఆ ఒక్క వరసను చూసి నా అరికాళ్ళ మంట చల్లారేది.

"ఎట్లుండాది మామా తోట?" అని అడిగేదాన్ని.

"ఉండాది" అనేవాడు. తలుపు మూసేవాడు.

ఉగాది పోయింది. పచ్చడి చేసుకోలేదు. ఉగాది పోయిన తరువాత ఒక మధ్యాహ్నం, మా ఆయన కడవల సైకిలుతో వంతెన నడుమకు వచ్చాడు. నేను వెనక ఉన్నాను. కొత్త వంతెన మీద గూడ్సు బండి వచ్చింది. ఎప్పటిలాగే మేము ఆగాం, ఎప్పటిలాగే బండలు వణికాయి. గూడ్సు సగం పోయేసరికి మా ఆయన కాళ్ళ కింది బండ రెండు ముక్కలైంది. కొయ్య విరిగేముందు కిర్రుమంటుంది, ఇనుము వంగుతుంది. నాపరాయి ఏమీ చెప్పదు. గనివాళ్ళ బిడ్డను కాబట్టి నాకు తెలుసు. ఊళ్ళో చెప్పాను కూడా. కోడలి మాట ఎవరికి కావాలి?

ఆయన ఒక కాలు దూలానికీ దూలానికీ మధ్య తొడ దాకా దిగిపోయింది. సైకిలూ కడవలూ ఆ కాలి మీద పడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు రైలు మోతలో నాకు వినపడలేదు, ఆయన ముఖంలో చూశాను. కడవలు పగిలి నీళ్ళన్నీ కింద వంకలోకి కారిపోతున్నాయి. ఆయన మొదట అన్న మాట, "నీళ్ళు పోయినాయే" అని.

మంచం మీద వేసుకుని ఇంటికి తెచ్చారు. కట్టు కట్టేవాడు వచ్చి కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. ఆ కాలు ఇక ఎప్పటికీ నేల మీద సరిగ్గా ఆనదని ఆ పెద్దమనిషి నాతో చెప్పలేదు, మామతో చెప్పాడు. ఆ రోజు మామ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని, నుదురు మంచంకోడుకు కొట్టుకున్నాడు. ఎంత పట్టినా ఆగలేదు. కొడుకంటే ఇంత ప్రేమా అని నేను అనుకున్నాను.

మరుసటి రోజునుంచి నీళ్ళు నేనూ అత్తే. విరిగిన చోట ఇంకో బండ తెచ్చి వేశారు, దాని నడుమ కాలు పెట్టకుండా దూలం ఉన్న అంచునే దాటేదాన్ని. అత్త వయసు మీరిన మనిషి, కొన్నాళ్ళకు వంతెన కొసనే కూలబడేది. అప్పుడు నేను ఒక్కదాన్నే తిరిగేదాన్ని. తలకు నీళ్ళు పోసుకోవడం మానేశాం. ఇంట్లో తాగే నీళ్ళు కొలిచి పోసేది అత్త. మా ఆయన మంచంలో ఉండి తనకు పోసిన చెంబులో సగం తాగి, "ఇది తోటకు పొయ్యే" అని నా చేతికిచ్చేవాడు. నేను వద్దంటే కోప్పడేవాడు.

ఆశ లేదు అని నాకు తెలుసు. కడవలతో ఏ తోటా బతకదు. అయినా తెల్లవారితే లేచి కడవ ఎత్తేదాన్ని. ఆకాశం వైపు చూసి నోటికి వచ్చిన మాటలన్నీ అనేదాన్ని, సిగ్గు లేకుండా, నడిబజార్లో. తరువాత ఏడ్చేదాన్ని. తరువాత కడవ ఎత్తేదాన్ని. అప్పుడప్పుడూ మామ నాలుగు ఆకులు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. అవి చూస్తే మళ్ళీ కాళ్ళలోకి బలం వచ్చేది. ఇంకొన్నాళ్ళు, ఒక్క వాన, ఒకే ఒక్క వాన.

అప్పుడే మామకు వడదెబ్బ తగిలింది. తోట దడి బయట పడిపోయి ఉంటే తెచ్చి వసారాలో పడుకోబెట్టాం. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. నేను తెచ్చిన కడవలు దడి తలుపు దగ్గర అట్లాగే నిలబడి ఉన్నాయి. లోపలికి తీసుకుపోయి పోసే మగవాడు లేడు. మా ఆయన లేచి నిలబడలేడు. వీధిలో ఒళ్ళు వంగే మగవాళ్ళంతా రోడ్డు పని దగ్గరే గుడిసెలు వేసుకుని ఉన్నారు, సంత రోజుకు గానీ రారు. ఒక రోజు నీళ్ళు లేకుండా గడిచింది. రెండో రోజు సాయంకాలం నేను లేచాను.

"నేను పోతా" అన్నాను.

"యాడికి?" అంది అత్త.

"తోటలోకి."

అత్త నా కొంగు పట్టుకుంది. "వొద్దే తల్లీ, నీ కాళ్ళకు మొక్కుతా. ఆడది పోతే తీగ నిలవదు. ఇంత కాలం కష్టపడి నిలబెట్టుకున్నాం."

"నీళ్ళు పోయకుంటే మాత్రం నిలుస్తాదా అత్తా? ఈడ కడవలో నీళ్ళుండాయి, ఆడ తీగ ఎండిపోతాండాది. మధ్యలో నేనుండా. నీ లచ్చిమి నన్ను జూసి పోతే పోనీ, నీళ్ళు లేక మాత్రం పోనియ్యను."

వసారాలో మంచం మీద మామ కళ్ళు తెరిచాడు. లేవడానికి చూశాడు. "పోవాకు" అన్నాడు. జ్వరంలో ఉన్న మనిషి గొంతులోనుంచి అంత గట్టిగా మాట ఎట్లా వచ్చిందో తెలియదు. "పోవాకు, నా మాట ఇను, పోవాకు."

చచ్చేముందు కూడా కట్టడే కావాలా ఈ ముసలాయనకు అని నాకు ఒళ్ళు మండింది. కొంగు విడిపించుకుని పోయాను. నా వెనక అత్త ఏడుస్తూ వస్తోంది.

దడి తలుపు తీసి, కడవ చంకన పెట్టుకుని లోపలికి అడుగు పెట్టాను. తలుపు ఎదురుగా ఉన్న వరస పచ్చగా ఉంది. నేను రోజూ సందులోనుంచి చూసే వరస. దాని మొదట్లో నేల తడిగా ఉంది. ఆ వరస దాటి ఒక అడుగు వేశాను.

ఆ వెనక తోట లేదు. అవిసె చెట్లు మోడులై నిలబడి ఉన్నాయి. వాటికి జమ్ముతో కట్టిన తీగలు కట్టినట్టే ఉన్నాయి, నల్లగా, కట్టెల్లా. ఒకదాన్ని ముట్టుకుంటే పొడి అయి చేతికి అంటింది. కాలువలు నెర్రెలిచ్చి ఉన్నాయి, నా చెయ్యి పట్టేంత నెర్రెలు. చెట్ల మీదికి చెదలు పుట్టలు కట్టాయి. అటు చివర దాకా చూశాను, ఇటు చివర దాకా చూశాను. నీడ కూడా లేదు. పైనుంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. మా అమ్మ చూసి ఏడ్చిన ఆ నీడ లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కడవ ఎప్పుడు దించానో తెలియదు. నేను మోసిన నీళ్ళన్నీ, మా ఆయన మోసిన నీళ్ళన్నీ ఆ ఒక్క వరసకు పోయాయి, దడి సందులోనుంచి మాకు కనిపించే వరసకు. మాకు ఇచ్చిన ఆకులు ఆ వరసలోవి.

నేను బయటికి వచ్చేటప్పటికి అత్త తలుపులోనుంచి లోపలికి తొంగి చూస్తోంది. ఆమె కేక నేను ఇంటికి చేరేదాకా వినపడుతూనే ఉంది. వసారాలోకి పోయి మామ మంచం పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. మా ఆయన లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు, వసారాలో మేమిద్దరమే.

"ఎప్పుటినుంచి మామా?" అన్నాను.

ఆయన పెదాలు తడుపుకున్నాడు. "ఉగాదికి ముందరే" అన్నాడు. "వేరన్న బతికుంటాదేమో అని పోస్తా పోస్తా వచ్చినా. చెప్దామనుకున్యా. ఈ పొద్దు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటాంటే, వాని కాలు పాయె. ఇంగ ఏ మొగం పెట్టుకుని చెప్పేది?"

కాలు విరిగింది ఉగాది తరువాత. నేను లెక్క వేసుకోనక్కరలేదు. ఆయన టవలు తీసి ముఖం మీద కప్పుకున్నాడు. నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. ఆయన్ను పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

అత్త కేకలకు వీధి వీధంతా వచ్చింది. వంతెన మీదుగా ఆ పొద్దే సంతనుంచి తిరిగి వస్తున్న మగవాళ్ళు కొందరు స్నానం లేకుండానే తోటలోకి పోయి చూసి వచ్చారు. వాళ్ళంతా ఆకుతోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు. తీగ ఒక్క పూటలో పొడి కాదని వాళ్ళకు తెలియదా? చెదలు ఒక్క పూటలో పుట్ట కట్టవని తెలియదా? అందరికీ తెలుసు. కానీ పెద్దమనిషిని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అనడానికి నేను ఉన్నాను కదా.

"కోడలు లోపలికి పోయిందంట" అని ఒకరు అన్నారు. "పచ్చని తోటను మాడ్చిపెట్టె" అని ఇంకొకరు. మా అత్త గుండెలు బాదుకుంటూ నా వైపు చెయ్యి చూపించింది.

వాళ్ళలో పెద్దాయన మామ మంచం దగ్గరికి వచ్చి వంగి అడిగాడు. "ఏమప్పా, నువ్వు మంచాన పడేటప్పుటికి ఎట్లుండె తోట?"

మామ టవలు తీయలేదు. అందరూ ఎదురు చూశారు. నేనూ చూశాను. ఆయన గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నాడు. దాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు.

నేను నోరు తెరిచాను. మాట నాలుక చివర ఉంది. ఉగాదికి ముందరే అంట, అడగండి ఆయన్ను, అని అరవబోయాను. అప్పుడే మా ఆయన కనిపించాడు. లోపలి గదిలోనుంచి చేతుల మీద పాకుతూ గడప దాకా వచ్చి, వంకర కాలు వెనక ఈడ్చుకుంటూ, తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు. నేను ఆ మాట అంటే ఊరికి తెలుస్తుంది, సరే. ఆయనకూ తెలుస్తుంది. లేని తోట కోసం తన కాలు పోయిందని తెలుస్తుంది.

నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో నోటి దాకా వచ్చిన మాటను మింగింది అప్పుడే. మింగాక అది గొంతులోనే ఉండిపోయింది. మా ఆయన పోయేదాకా అక్కడే ఉంది. ఇప్పుడు ఆయన లేడు గనుక రాస్తున్నాను.

వాన కూడా పడింది, ఏం లాభం? పడవలసినప్పుడు పడక, మేము మూటలు కట్టుకున్నాక పడింది. ఊళ్ళో నాకు ఒక పేరు పెట్టారు, దాన్ని ఇక్కడ రాయను. ఆడవాళ్ళు నేను ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు. మామ జ్వరం తగ్గి లేచాడు గానీ మునుపటి మనిషి కాలేదు. నాతో మాట్లాడేవాడు కాదు, నేను వడ్డిస్తే తల ఎత్తేవాడు కాదు. చివరికి నలుగురం మా పుట్టింటి ఊరి గనికి బయలుదేరాం. నేను దేన్నుంచి పారిపోయి ఆ ఇంటికి వచ్చానో దాని దగ్గరికే, నా మొగుణ్ణి నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను.

స్టేషనుకు పోవాలంటే వంతెన దాటాలి. ఊరి చివర మామ వచ్చి నా నెత్తి మీది మూట అడక్కుండా తీసుకుని తన నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. మూట మోస్తే సరిపోతుందా అనుకున్నాను. ఆయన వెనకే అత్త. మేమిద్దరం బాగా వెనకబడ్డాం. మా ఆయన ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, ఒక్కో బండ మీద ఆగి ఆగి వస్తున్నాడు. తాను పడిన చోటికి వచ్చాక నిలబడ్డాడు. కింద వంకలో ఎర్రనీళ్ళు పారుతున్నాయి.

"ఊరోళ్ళ మాట నేను నమ్మలే" అన్నాడు. "నువ్వు పోతే తీగ మాడిపోతాదా? ఆ ఎండకు ఏది నిలుస్తాది? నువ్వు మనసులో పెట్టుకోవాకు."

నేను ఆయన చేతిని నా భుజం మీద సర్దుకున్నాను.

"కాలు పోతే పోయింది" అన్నాడు మళ్ళీ. "ఊళ్ళో అందురి తోటలూ ఎప్పుడో పాయె. మనదొక్కటే ఎండాకాలం నడిమి దాకా నిలిచె. నేను మోసిన నీళ్ళతోనే గదా?"

ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. కాలు విరిగినప్పటినుంచి ఆయన కళ్ళలో అటువంటి వెలుగు నేను చూడలేదు. ఆ ఒక్కటీ ఉంది ఆ మనిషికి, ఇంకేమీ లేదు.

"అవును" అన్నాను. "నీ నీళ్ళతోనే నిలిచె."

ఆయన నవ్వాడు. నా భుజం మీద బరువు వేసి ముందుకు అడుగు వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఎంత బిగపట్టినా ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆయన ఆగి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"తోట కోసరం ఏడుస్తాండావా?" అన్నాడు. "ఏడవాకు. మనం చేయాల్సింది చేసినాం."